ఇల్లు మారే చలికాలంలో లాడాలు లేని గుర్రం

ప్రశ్న: మాది ఆదోని. మాకు ఎనిమిదేళ్ళ ఆడగుర్రం ఉంది. రెండేళ్ళ క్రితమే దానికి లాడాలు కొట్టించడం మానేశాము. మా నల్లరేగడి పొలాల బండిబాటల్లో వట్టి గిట్టలతోనే హాయిగా తిరుగుతోంది. ఉద్యోగరీత్యా ఈ కార్తీకం చివర అనంతపురానికి, బుక్కరాయసముద్రం వైపు ఒక అద్దె ఇంటికి మారుతున్నాము. ధనుర్మాసం రాకముందే పాలు పొంగించాలని ఇంట్లో పెద్దలు పట్టుబడుతున్నారు కనుక సామాన్లతో పాటే గుర్రాన్నీ అదే రోజు తరలించాలనుకుంటున్నాను. చలికాలపు ఉదయాలు స్వారీకి అనువైనవి కాబట్టి వెళ్ళిన వారం నుంచే అక్కడి గుట్టల బాటల్లో తిప్పాలని ఆశ. అయితే ఆ నేలంతా రాళ్ళమయమనీ, బయలుదేరే ముందే లాడాలు కొట్టించమనీ కొందరు చెబుతున్నారు. లాడాలు కొట్టించాలా? గుర్రాన్ని లారీలో తీసుకువెళ్ళాలా, స్వారీ చేసుకుంటూ వెళ్ళిపోవచ్చా?
— ఒక పాఠకుడు, ఆదోని

సమాధానం: ముందు నా అభిప్రాయం చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. లాడాలు కొట్టించవద్దు. సామాన్లనూ గుర్రాన్నీ ఒకే రోజు కదిలించవద్దు. కొత్త ఊరిలో రాతిబాట మీద స్వారీకి కనీసం నెలన్నర ఆగండి. చివరి మాట మీకు కష్టంగా తోస్తుందని తెలుసు, కానీ ఈ మార్పులో మీ గుర్రం క్షేమం అన్నిటికన్నా ఎక్కువగా దాని మీదే ఆధారపడి ఉంది.

ఆదోని చుట్టుపక్కల నల్లరేగడి వానకు జిగురై గిట్టలకు అంటుకుంటుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, కానీ అందులో రాయి తక్కువ. రెండేళ్ళుగా ఆ నేల మీద నడిచిన గిట్ట, ఆ నేలకు ఎంత అవసరమో అంత మందమే అడుగున పెంచుకుని ఉంటుంది. మీరు వెళుతున్న వైపు పలుచని ఎర్రమట్టి కింద గరప, పైన చెల్లాచెదురుగా పలుగురాళ్ళు ఉంటాయి. ఏటిలో దొర్లి నునుపెక్కిన గులకరాయి గుర్రాన్ని అంతగా బాధించదు. పలుగురాయి అలా కాదు, పగిలిన అంచులతో మట్టిలో సగం దిగబడి ఉండి, గుర్రం బరువంతా ఒక కాలి మీద పడిన క్షణంలో గిట్ట అడుగున గుచ్చుకుంటుంది. పైగా సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఆ జిల్లాలో నేల ఏడాదిలో చాలా భాగం గట్టిగా ఎండే ఉంటుంది.

గిట్ట గోడ నెలకు సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గిట్ట ముందు భాగం పై అంచు నుంచి నేల దాకా పూర్తిగా కొత్తది కావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. అంటే ఆదోనిలో పెరిగిన గిట్టతోనే మీ గుర్రం ఈ చలికాలమంతా అనంతపురంలో నడవాలి. అడుగుభాగం కొన్ని వారాల్లో కొంత గట్టిపడుతుంది, నిజమే, కానీ అది రోజూ కొద్దికొద్దిగా నడిపిస్తేనే గట్టిపడుతుంది. మొదటి వారంలోనే గుట్ట ఎక్కిస్తే గట్టిపడే లోపే కమిలిపోతుంది.

అలాంటప్పుడు లాడమే మంచిది కదా అని మీకు అనిపించవచ్చు. లాడం మీద నాకు ద్వేషం లేదు. రోజంతా తారురోడ్డు మీద బరువు లాగిన జట్కా గుర్రాలకు లాడాలు లేకుండా గడిచేది కాదు. మీ గుర్రం పని అది కాదు. లాడం కొట్టిన గిట్ట నేల నుంచి కొంత ఎత్తులో ఉంటుంది కనుక, వెనుకవైపు త్రికోణాకారంలో ఉండే మెత్తని భాగం నేలకు ఆని బలపడే అవకాశం తగ్గిపోతుంది. రెండేళ్ళు ఓపిక పట్టి మీరు సంపాదించినది అదే. ఇంకొక సంగతి, లాడాన్ని ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి ఊడదీసి, పెరిగిన గిట్టను చెక్కి మళ్ళీ బిగించాలి. కొత్త ఊరిలో ఆ పని చేసే నమ్మకమైన మనిషి దొరకడానికే మీకు అంత కాలం పట్టవచ్చు. ఎద్దులకు లాడాలు కొట్టేవారు మన సీమ ఊళ్ళలో ఇంకా ఉన్నారు, వారి నేర్పు మీద నాకు గౌరవం ఉంది. అయితే ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది, గుర్రం గిట్ట ఒక్కటే, మేకు దిగవలసిన చోటూ కోణమూ పూర్తిగా వేరు. గుర్రాల పని చేసిన అనుభవం ఉందో లేదో అడిగి తెలుసుకోకుండా ఎవరి చేతికీ గిట్ట ఇవ్వవద్దు.

లాడాలకు బదులు, బయలుదేరడానికి పది పన్నెండు రోజుల ముందు గిట్టల అంచులు ఆకురాయితో గుండ్రంగా అరగదీయించండి. అడుగుభాగాన్ని మాత్రం కత్తితో పలుచన చేయనివ్వవద్దు. చూడడానికి తెల్లగా, శుభ్రంగా కనిపించాలని కొందరు అడుగును లోతుగా గీకేస్తారు, మీ గుర్రానికి ఇప్పుడు అక్కడ ఉన్న ప్రతి పొరా కావాలి. గిట్టకు తొడిగే రబ్బరు బూట్లు తెప్పించుకోగలిగితే అవి లాడం కన్నా మంచి సాయం చేస్తాయి, ఎందుకంటే స్వారీ అయిన వెంటనే విప్పేయవచ్చు. గిట్టలు చెక్కించిన రోజునే పొడవూ వెడల్పూ కొలవండి, పెరిగిన గిట్టకు తీసిన కొలత తప్పుతుంది. మొదటి వారంలో స్వారీ తరువాత మడమల దగ్గర చర్మం ఒరుసుకుందేమో చూడండి.

ఇక ప్రయాణం. గుంతకల్లు, గుత్తి మీదుగా అనంతపురం దాకా స్వారీ చేసుకుంటూ వెళ్ళే ఆలోచన మానుకోండి. గుత్తి దాటాక మిగిలేది 44వ నంబరు జాతీయ రహదారి, అక్కడి వేగాలలో, చలికాలపు మంచులో గుర్రానికి చోటు లేదు. లారీలోనే తీసుకువెళ్ళండి, కానీ బీరువాలు, మంచాలు ఎక్కించిన లారీలో కాదు. జంతువుల రవాణాకు 1978లో చేసిన కేంద్ర నిబంధనల ప్రకారం గుర్రం ప్రయాణానికి తగిన స్థితిలో ఉందని పశువైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం దగ్గర ఉండాలి. గుర్రాల ముఖాలు ఎదురుగా వచ్చే వాహనాల వైపు కాకుండా ఉండాలనీ, వాహనం గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదనీ ఆ నిబంధనలే చెబుతున్నాయి. ఆ వేగంతో మీకు నాలుగు గంటలకు తక్కువ పట్టదు. ఇంటి సామాను లారీ డ్రైవరు ఆ ఓపిక చూపడు. గుర్రం రోజూ చూసే మనిషి దాని పక్కన ఉండాలి గనక, దానితో పాటు మీరో, రోజూ మేత వేసే మనిషో తప్పకుండా వెళ్ళాలి. పాలు పొంగించే రోజున ఇంటి యజమానికి ఆ తీరిక ఎక్కడిది? ముందు మీ కుటుంబం వెళ్ళి స్థిరపడండి. పాత చోట గుర్రాన్ని చూసుకునే మనిషిని ఒక వారం ఉంచండి. తరువాత ఒక రోజంతా దానికే కేటాయించి తీసుకురండి.

లారీ నేల మీద మందంగా ఇసుక పరచి, దాని పైన ఎండుగడ్డి వేయించండి. తలను పైకి లాగి బిగించి కట్టడం మన వాళ్ళకు అలవాటు. గుర్రం తల కొంచెం దించి ముక్కులోని దుమ్మును చీదుకోగలిగేటంత వదులు తాడుకు ఉండాలి, లేకపోతే ఊపిరితిత్తులకు జబ్బు వస్తుంది. ఎక్కించడానికి పలక వాలుగా పెట్టి తోయడం కన్నా, లారీ వెనుక భాగాన్ని ఒక మట్టిదిబ్బకు ఆనించి నిలబెడితే చాలా గుర్రాలు బెదరకుండా నడిచి ఎక్కేస్తాయి. సగం దారిలో ఆపి నీళ్ళు పెట్టండి.

కొత్త ఇంటి ఆవరణ గురించి మీరు ఏమీ రాయలేదు. నాకు మాత్రం దాని గురించే ఎక్కువ భయం. ఊరి శివార్లలోని కొత్త ఇళ్ళ చుట్టూ కట్టుబడి నాటి సెంట్రింగు మేకులు, బైండింగు తీగ ముక్కలు మట్టిలో కలిసి ఉంటాయి. సామాన్లు దించినప్పుడు చెక్కపెట్టెల మేకులు వాటికి తోడవుతాయి. చీపురుతో ఊడిస్తే ఇవి రావు. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని తాడుకు కట్టి, గుర్రం తిరిగే చోటంతా నేలకు తాకిస్తూ నెమ్మదిగా ఈడ్చండి. రెండు గజాలు నడిచేసరికి దానికి తుప్పు పట్టిన మేకులు, సన్నని తీగ తునకలు ఎర్రమట్టితో కలిసి గుత్తులుగా అంటుకుని వస్తాయి. వాటిని తీసి డబ్బాలో వేసి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి ఈడ్చండి. ఒకవేళ ఎప్పుడైనా గిట్టలో మేకు దిగితే, ముఖ్యంగా ఆ త్రికోణపు మెత్తని భాగంలో దిగితే, లోపలి కీలు దాకా వెళ్ళే ప్రమాదం ఉంది. గుర్రాన్ని కదలనివ్వకుండా పశువైద్యుణ్ణి పిలిపించండి. కాలు మోపితే ఇంకా లోతుకు దిగేలా ఉండి తీయక తప్పకపోతే, అది ఏ చోట, ఏ వాలులో, ఎంత లోతు దిగిందో గుర్తు పెట్టుకుని, ఫోటో తీసుకుని మరీ తీయండి. ధనుర్వాతం సోకే గుణం గుర్రానికి మిగిలిన పశువుల కన్నా చాలా ఎక్కువ కనుక ఆ టీకా ప్రయాణానికి ముందే వేయించి ఉండాలి.

మన వైపు ఇంటి ముందు తాడిపత్రి బండలో కడప బండలో పరుస్తారు. నునుపైన ఆ బండ మీద మంచు కురిసినా, మూత్రం పడినా గుర్రం జారుతుంది, ఆరి ఉన్నా రాత్రంతా నిలబడడానికి అది చాలా గట్టి నేల. ఒక మూల మట్టినేల, దాని మీద నాలుగు వేళ్ళ మందం ఇసుక ఉండేలా చూడండి. ప్రహరీ పక్కన గన్నేరు ఉంటే గుర్రం రాకముందే తీయించండి, లేదా మెడ చాచినా అందనంత దూరంలో కట్టండి. కొన్ని ఆకులే గుర్రం ప్రాణం తీయగలవు, కత్తిరించి పడేసిన ఎండు కొమ్మలకూ అంతే విషం ఉంటుంది. పొలాల గట్ల మీద ఆముదపు చెట్లు కనిపించిన చోట స్వారీలో కూడా మూతి ఆనించనివ్వవద్దు, ఆముదపు గింజ గుర్రానికి ప్రాణాంతకం.

మేత విషయంలో తొందర పనికిరాదు. ఆదోనిలో పెడుతున్న జొన్నచొప్ప రెండు వారాలకు సరిపడా వెంట తెచ్చుకుని, రోజురోజుకూ దాన్ని తగ్గిస్తూ కొత్త మేతను పెంచండి. అనంతపురంలో కార్తీక మార్గశిరాలలో చవకగా దొరికేది శనక్కాయ కట్టె. అది మంచి మేతే, కానీ వానకు తడిసి బూజు పట్టినదాన్ని ముట్టుకోవద్దు. మట్టితో సహా పీకిన కట్టెను బాగా దులిపి పెట్టాలి, ఆ మట్టి పేగుల్లో పేరుకుంటే శూల వస్తుంది. కొర్రగడ్డి ఎద్దులకు పెడతారు కదా అని గుర్రానికి అదే ప్రధానమైన మేతగా వారాల తరబడి పెట్టకండి, కీళ్ళూ మూత్రపిండాలూ దెబ్బతింటాయి. నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. చలిలో గుర్రం తక్కువ తాగుతుంది, కొత్త బోరు నీటి రుచి నచ్చకపోతే మరీ తక్కువ తాగుతుంది, తినేది ఎండుమేత. ఈ మూడూ కలిస్తే పేగు బిగుసుకుపోతుంది. రోజుకు ఎన్ని బకెట్లు తాగుతుందో ఇప్పుడే లెక్క చూసుకోండి, పాత ఊరి నీళ్ళు నాలుగు క్యాన్లు తెచ్చి కలుపుతూ అలవాటు చేయండి, ఉలవల దాణాలో రోజూ పాతిక గ్రాముల ఉప్పు వేయండి, ఉదయం నీళ్ళు కొంచెం గోరువెచ్చగా ఇవ్వండి.

స్వారీకి వస్తే, మొదటి వారం జీను వేయకుండా చేత్తో పట్టుకుని గట్టి మట్టిబాట మీద నడిపించండి. రెండో వారం ఎక్కి, మెల్లని నడకలో అరగంట తిప్పండి. శనక్కాయ పీకేసిన చేలు ఆ కాలంలో ఖాళీగా ఉంటాయి, రైతును అడిగి వాటిలోనూ, వంకల ఇసుకలోనూ తిప్పితే గిట్టకు హాయి. కంది నిలిచి ఉన్న చేలోకి మాత్రం పోనివ్వవద్దు. మూడో వారం నుంచి రాళ్ళ నేల మీద అయిదు నిమిషాలు, అదీ మీరు దిగి పక్కన నడుస్తూ, తరువాత వారం వారం ఆ సమయాన్ని కొంచెం పెంచుతూ రండి. ఎప్పుడు చాలో గుర్రమే చెబుతుంది. బాట మధ్య నుంచి గడ్డి ఉన్న అంచుకు లాగుతుంటే, అడుగులు పొట్టివైపోతే, మొదట మడమ ఆనవలసిన కాలు గిట్ట ముందు అంచు నుంచి ఆనుతుంటే అక్కడితో వెనక్కి తిప్పండి. ఇంటికి వచ్చాక గిట్ట మీద అరచేయి పెట్టి చూడండి. ఒక గిట్ట మిగిలినవాటి కన్నా చాలాసేపు వేడిగా ఉండి, దాని పైన కీలు వెనుక నాడి గట్టిగా కొట్టుకుంటుంటే లోపల వాపు ఉన్నట్టే. హఠాత్తుగా ఒక కాలు అసలు మోపకపోతే చీము పట్టి ఉండవచ్చు, పశువైద్యుణ్ణి అదే రోజు పిలవండి.

సంక్రాంతి నాటికి మీరు గుట్ట బాట ఎక్కగలరని నేను మాట ఇవ్వలేను. మాఘమాసంలో ఎక్కగలరని నా నమ్మకం, ఎండలు ముదిరే లోపు ఇంకా చల్లని ఉదయాలు మీకు మిగిలే ఉంటాయి.

ప్రశ్న: మా గుర్రానికి కూడా లాడాలు లేవు. పాత ఇంట్లో గోడలున్న సాల ఉండేది, మారిన ఇంట్లో రేకుల పందిరి మాత్రమే ఉంది. రాత్రి చలికి గోనెపట్టాలు కప్పాలా? ఉదయం స్వారీకి వెళ్ళి చెమటతో వస్తోంది.
— ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: అమ్మా, ఆరోగ్యంగా ఉండి కడుపు నిండా ఎండుమేత తినే పెద్ద గుర్రం 5 డిగ్రీల దాకా చలిని ఇబ్బంది లేకుండా తట్టుకుంటుంది. మీ వైపు చలికాలపు రాత్రులు అంత దిగవు. రాత్రి మేత కొంచెం ఎక్కువ వేయండి, ఎండుమేత అరిగేటప్పుడు పుట్టే వేడే దానికి దుప్పటి. గాలీ వానా కలిసి వస్తే మాత్రం సంగతి వేరు. తడిసి ఒంటికి అతుక్కున్న బొచ్చు వేడిని నిలపలేదు, బంగాళాఖాతంలో వాయుగుండం పడితే కార్తీక మార్గశిరాలలో మనకు అలాంటి రోజులు వస్తూనే ఉంటాయి. అందుకని పందిరికి గాలి వచ్చే వైపు ఒక తడిక కట్టించండి, అది గోనెపట్టా కన్నా మేలు.

చెమట విషయంలో, స్వారీలో చివరి పావుగంట మెల్లగా నడిపిస్తూ ఇంటికి చేరండి. జీను తీశాక ఎండుగడ్డి చుట్టతో వీపు, రొమ్ము గట్టిగా రుద్ది, ఆరేదాకా మాత్రమే పలుచని పట్టా కప్పి, ఆరగానే తీసేయండి. తడి పట్టా ఒంటి మీద ఉండిపోతే చర్మానికి జబ్బు చేస్తుంది.

పందిరి కింద నేల తడిగా ఉంటే చలి కన్నా గిట్టలకే ఎక్కువ చేటు. రోజూ నాలుగు కాళ్ళూ ఎత్తి, మొద్దుగా ఉన్న కొక్కెంతో మట్టి తీసి, గిట్ట అడుగున మధ్యనున్న మెత్తని భాగానికి రెండు పక్కలా ఉండే గాడులను వాసన చూడండి. నల్లని జిగట, కుళ్ళు వాసన ఉంటే అక్కడ గిట్ట చెడుతోంది. కడిగి, ఆరబెట్టి, పలుచన చేసిన పోవిడోన్ అయోడిన్ దూదితో అద్దండి, అన్నిటికన్నా ముందు నేలను పొడిగా ఉంచండి. వాడేసిన ఇంజను ఆయిలు పూసే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి పూయవద్దు.

ప్రశ్న: కర్నూలులో పెళ్ళి ఊరేగింపులకు తిప్పే గుర్రం మాది. దానికి లాడాలు ఉన్నాయి. పుష్యమాసంలో ఊరి బయటికి ఇల్లు మారుతున్నాము. పని లేని ఆ నెలలో లాడాలు తీయించి, ఇక మీదట లాడాలు లేకుండానే ఉంచవచ్చా?
— ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: ముహూర్తాలు లేని నెలను ఎంచుకోవడం సబబుగానే ఉంది, కానీ ఆ ఒక్క నెల చాలదు. మేకుల రంధ్రాలు ఉన్న గిట్ట భాగం కిందికి పెరిగి పోవడానికే కొన్ని నెలలు పడుతుంది. ఈలోగా మాఘంలో ముహూర్తాలు మొదలై, మీ గుర్రం రాత్రుళ్ళు గంటల తరబడి తారురోడ్డు మీద నిలబడాలి, నడవాలి, బాజాలకు కాళ్ళు ఆడించాలి. వట్టి గిట్ట తారు మీద పెరిగే దాని కన్నా వేగంగా అరిగిపోతుంది. ఒక పెళ్ళిళ్ళ కాలం పూర్తిగా వదులుకునే స్తోమత ఉంటేనే లాడాలు తీయించండి, లేకపోతే ప్రస్తుతానికి లాడాలతోనే ఉంచి, వేళ తప్పకుండా మార్పిస్తూ ఉండండి. తీయించాలనే నిర్ణయించుకుంటే, లాడాన్ని పటకారుతో పట్టి ఒక్కసారిగా పెకలించనివ్వవద్దు, గిట్ట గోడ పెచ్చులుగా ఊడి వస్తుంది. ముందు మేకుల వంపు కొనలను విప్పి, ఒక్కొక్క మేకునూ విడిగా లాగించి, అప్పుడు లాడం తీయించి, అంచంతా ఆకురాయితో గుండ్రంగా చేయించండి. తరువాత నాలుగైదు వారాలకొకసారి ఆ అంచును మళ్ళీ సరిచేయిస్తూ ఉండాలి.